బొమ్మ రాని పెట్టె

నేనొక చిన్న సినిమా పెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. పాటలు పాడతాను, బొమ్మలు ఆడిస్తాను, కాకపోతే ముందు ఎవరైనా నాలోకి సినిమా ఎక్కించాలి. ఆ ఎక్కించే పనిలో మనుషులు ఎంత గందరగోళం చేయగలరో విజయనగరం వచ్చాకే తెలిసింది.

నన్ను కొన్నది గౌరునాయుడు. సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే పని చేసి, హాలు మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న మనిషి. ఆయన భార్య నూకరత్నానికి కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం ఆసుపత్రిలో, రక్తం శుభ్రం చేసే మెషీను పక్కన గంటల తరబడి పడుకోవాలి. ఒకరోజు ఆవిడ మొండికేసింది.

"ఆ గొట్టాల్లో నా రగతం తిరగడం సూడలేను మావా. నానింక రాను."

వెళ్లకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రమే ఆయన బజారుకెళ్లి నన్ను తెచ్చాడు. ఆవిడ చూపును గొట్టాల మీంచి మళ్లించడం నా ఉద్యోగం.

ఉద్యోగం సరే, సరుకేది? ఆవిడకిష్టమైన సినిమాలన్నీ సీడీల్లో ఉన్నాయి. నెట్ సెంటర్ సూర్యారావు వాటిని ఉన్నవి ఉన్నట్టుగా నాలో కుమ్మరించాడు. నాకు ఆ భాష రాదు. 'ఈ ఫైలు ఆడదు' అని తెర మీద చూపించాను. కంప్యూటర్లో మార్చి ఇవ్వవయ్యా అని అరవడానికి నాకు నోరుందా? మర్నాడు మార్చాడు. హీరో తాటిచెట్టంత సాగిపోయాడు. మళ్లీ మార్చాడు. సినిమా ఇంటర్వెల్ దగ్గర ఆగిపోయింది. రెండో సీడీ అనేది ఒకటుంటుందని ఆ మహానుభావుడికి తోచలేదు. గీతలు పడ్డ సీడీని లుంగీ అంచుతో తుడిచి పెడితే, మధ్యలో కరెంటు పోయింది. పని మళ్లీ మొదటికొచ్చింది.

"ఇదేటి బాబూ, ఇంత సిన్నదానికి ఇంత పెంటేటి?" అన్నాడు గౌరునాయుడు నన్ను చూపిస్తూ.

పెంట నాది కాదు స్వామీ!

ఆసుపత్రికి వెళ్లే రోజు వచ్చేసింది. "ఈసారి పక్కా" అన్నాడు సూర్యారావు. "సినిమా సూపిస్తానన్నావు కాబట్టి ఈపాలికి వస్తాను" అని నూకరత్నం బయలుదేరింది. సూదులు గుచ్చారు. ఆయన నా మీట నొక్కాడు. మాటలు వినిపించాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ చూపు మెల్లగా గొట్టాల వైపు తిరిగింది. గౌరునాయుడు చటుక్కున కుర్చీ జరిపి వాటికి అడ్డంగా కూర్చున్నాడు.

"రత్నం, ఇటు సూడు. ఇప్పుడు ఈడు మేడ మెట్లు దిగతన్నాడు. ఎర్ర కోటు. కింద ఆ పిల్ల సూడనట్టు నటిస్తంది."

గేటు దగ్గర నిలబడి ఎన్ని ఆటలు చూశాడో, ప్రతి సీనూ ఆయనకు కంఠతా వచ్చు. నా మాటల సందుల్లో బొమ్మంతా చెప్పుకొచ్చాడు. ఫైటు వస్తే చేతులూపాడు. పక్క మంచం మీది ముసలాయన, "కాస్త గట్టిగా సెప్పండి" అన్నాడు. సిస్టర్ వచ్చి సూదులు తీస్తుంటే నూకరత్నం విలన్ని తిడుతోంది.

తర్వాతి వారానికి సూర్యారావు నెగ్గాడు. బొమ్మ, మాట, రెండో సీడీ అన్నీ కుదిరాయి. పుట్టాక మొదటిసారి ధగధగా వెలిగాను. ఆవిడ కాసేపు చూసి నన్ను దిండు మీద బోర్లించేసింది.

"ఇందులో అందరూ సిన్న సిన్న సీమల్లా ఉన్నారు. నువ్వే సెప్పు మావా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. నా తెర మీద సినిమా చక్కగా ఆడుతూనే ఉంది, దిండు కోసం.