కొంగు మిగిలిన చీర

వర్షిత పొద్దున్నుంచీ ఇల్లంతా గాలిస్తున్న డిస్కు, మగ్గం గది కిటికీకి దారంతో వేలాడుతూ కనిపించింది. ఎండకు తళతళ మెరుస్తోంది.

"అవ్వా! గా డిస్కు నువ్వేనా కట్టింది? ఖాళీ డిస్కు అది!"

"ఖాళీదనే కట్టిన," అంది ప్రమీలమ్మ వత్తులు చేసుకుంటూ. "పాటలున్నది కడితే నోరు చేసుకోవాలె గని."

"ఖాళీ దానితోనే నాకు పని."

"ఖాళీ దానితోని ఏం పనే? పావురాలొచ్చి మగ్గం మీద రెట్టలేస్తున్నయి. నా కొడుకు నేసిన చీర ఖరాబైతే నువ్వొచ్చి ఉతుకుతవా?"

"గా చీర కోసమే నేను గూడ..." అంటూ వర్షిత గొంతు పెంచింది. శోభ కూతుర్ని పక్కకు జరిపి, స్టూలెక్కి డిస్కు విప్పింది. మూడు రోజులు కిటికీ చువ్వలకు కొట్టుకుని వెనకంతా గీతలు పడ్డాయి. ఇక దాని మీద ఏమీ ఎక్కదు. మళ్లీ అక్కడే కట్టేసి దిగింది.

"చూసినవా, మీ అమ్మకు సమజైంది," అంది ప్రమీలమ్మ.

శోభ భర్త అమరేందర్ పోయింది శ్రావణంలో. పొద్దున రంగు నూలు ఆరేసి వచ్చి, ఛాతీ పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఇప్పుడు కార్తీకం. అతను మొదలుపెట్టిన చీర మగ్గం మీద అట్లాగే ఉంది. ఒళ్లంతా నేసి ఉంది, కొంగు మిగిలింది. పోచంపల్లిలో బొమ్మ ముందు నూలులోకి వెళ్లాలి. గళ్లలో గీసుకుని, ఆ గళ్ల ప్రకారం నూలును రబ్బరు పట్టీలతో కట్టి, రంగుల్లో ముంచాకే నేత. ఊరంతా కాగితం మీద గీస్తే, అమరేందర్ మాత్రం పాత కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్క గడీ నింపేవాడు. తండ్రి దశరథం కొంగు సంగతి అడిగినప్పుడల్లా "కంప్యూటర్ల ఉన్నది నాయినా" అనేవాడు.

ఆ కంప్యూటరు ఇప్పుడు లేవడం లేదు. నల్లటి తెర మీద ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగిపోతుంది. బాగుచేసే అతను చూసి, "విండోస్ మళ్ల వెయ్యాలె. లోపటియన్ని పోతయి" అంటే, శోభ దాన్ని చీరలో చుట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

దశరథం నెమ్మదైన మనిషే, కానీ మగ్గం ఊరికే ఉండటం చూడలేడు. "శుక్రవారం కొత్త పడుగొస్తది. అప్పటిదాక ఆగుత. కొంగు దొరకకపోతే చీర కోసుడే. నాలుగు నెల్లు ఏ మగ్గమన్న పండుకుంటదా బిడ్డా?" అన్నాడు.

ఈ రోజు గురువారం.

దారి వెతికింది వర్షితే. కంప్యూటరును నడిపించే వ్యవస్థ మొత్తం ఒకే ఫైలుగా నెట్లో ఉచితంగా దొరుకుతుందట. దాన్ని డిస్కుకెక్కించి పెడితే కంప్యూటరు ఆ డిస్కు మీదే లేస్తుంది. ఇన్‌స్టాల్ చేయకముందే లోపలున్నవి చూసుకోవచ్చు, ఏదీ చెరగదు. వాళ్ల పాత యంత్రం పెన్‌డ్రైవుతో లేవదు కాబట్టి డిస్కే కావాలి.

తల్లీకూతుళ్లు బస్టాండు దగ్గరి ఫొటో స్టూడియోకు వెళ్లారు. ముస్తకీమ్ అటక మీది డబ్బా దించి దుమ్ము ఊదాడు. "ఇప్పుడు డిస్కులు ఎవ్వరడుగుతున్నరు శోభక్కా? రెండున్నయి. నా దుకాణంల ఇవే ఆఖరి."

ఫైలు దిగేసరికి మధ్యాహ్నం నమాజు వేళయింది. ముస్తకీమ్ వెళ్లొచ్చి, ఆ ఫైలును పట్టుకుని డిస్కులోకి లాగి వదిలాడు. "అయిపాయె, తీస్కపోండ్రి" అన్నాడు.

ఇంటికెళ్లి పెడితే అదే నల్ల తెర, అదే వాక్యం.

వర్షిత ఫోన్లో సూచనలు మళ్లీ మొదటినుంచి చదివింది. ఇద్దరూ ఎండలో వెనక్కి నడిచారు.

"భాయ్, ఫైలును అట్లనే డిస్కుల పెట్టుడు కాదట. దాని లోపటిదంత విప్పి పరవాలెనట. ఇగో, డిస్క్ ఇమేజ్ బర్న్ అని వేరే ఉన్నది."

ముస్తకీమ్ నుదురు కొట్టుకున్నాడు. "ఇరవై ఏండ్లు పెండ్లి వీడియోలు ఎక్కించిన చెయ్యి బిడ్డా ఇది! దానికి అదొక్కటే తెలుసు."

"నూలు కట్ట తెచ్చి మగ్గం మీద పెడితే చీరైతదా భాయ్?" అంది శోభ. భర్త పోయాక ఆమె నోటినుంచి వచ్చిన మొదటి వేళాకోళం అదే. ముస్తకీమ్ నవ్వబోయి, ఆమె కళ్లు చూసి, ఆఖరి డిస్కు పెట్టాడు. అన్నిటికంటే తక్కువ వేగం ఎంచాడు. పచ్చగీత తెర మీద పాకుతూ చివరికి చేరేదాకా శోభ కుర్చీ అంచు వదల్లేదు.

ఇంటికొచ్చి పెడితే ఈసారి డిస్కు గిర్రున తిరిగింది. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి, ఆగాయి, నీలిరంగు వచ్చింది. రెండే మాటలు: ఇన్‌స్టాల్ చేయాలా, ఊరికే చూడాలా. శోభ కూతురి మణికట్టు పట్టుకుంది.

"మొదటిది ఒత్తకు."

"తెల్సమ్మా."

అమరేందర్ ఫైళ్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. అన్నిటికంటే చివర ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: కొంగు శోభను అడగాలె.

వర్షిత తల్లి వైపు చూడకుండా తెరిచింది. రెండు వైపులా అంచులు గీసి ఉన్నాయి. మధ్యలో గళ్లు. వేల గళ్లు. అన్నీ తెల్లగా.

అడిగాడు. శోభకు గుర్తుంది. వంటింటి గడప మీద నిలబడి, "ఈసారి కొంగుకు ఏం పెడదామే?" అన్నాడు. "కూర మాడుతాంది, రేపు చూద్దాం" అంది తను. ఆ రేపు రాలేదు.

వర్షిత లేచి వెళ్లాక శోభ మౌసు పట్టుకుంది. ఎర్రరంగు తీసుకుని ఒక గడి నింపింది. ఇంకొకటి. ఇరవై దాకా నింపి చూసింది. అతను ఇట్లా పెట్టడు. ఎట్లా పెట్టేవాడో ఆమెకు తెలియదు. పదిహేడేళ్లలో ఏనాడూ పక్కన కూర్చుని చూడలేదు. ఫైలు మూస్తుంటే, మార్పులు దాచాలా అని యంత్రం అడిగింది. వద్దని నొక్కింది.

ముస్తకీమ్ తప్పుగా ఎక్కించిన డిస్కును అప్పటికే ప్రమీలమ్మ రెండో కిటికీకి కట్టేసింది.

రాత్రి అన్నాల దగ్గర నలుగురూ కూర్చున్నారు. బీరకాయ కూర, చింతపండు చారు.

"దొరికిందా బిడ్డా?" అన్నాడు దశరథం.

"దొరికింది మామా."

ప్రమీలమ్మ చేతిలోని ముద్ద కంచంలో వదిలేసింది. "ఏం పెట్టిండే? హంసలా?"

"ఏం పెట్టలే అత్తమ్మా. నన్నడుగుదామని ఖాళీగ ఉంచిండు. అడిగిండు గూడ. నేనే చెప్పలే."

దశరథం కంచం కొద్దిగా ముందుకు జరిపాడు.

"అయితే ఇప్పుడు చెప్పు. నూలు నేను కడత. ఈ శుక్రవారం కాకుంటె వచ్చే శుక్రవారం. మగ్గం యాడికి పోతది?"

నిన్నటిదాకా కోసేస్తానన్న మనిషి. శోభ ఆయన కంచంలో చారు పోసింది.

"వద్దు మామా. ఇప్పుడు ఏం గీసినా అది నాదైతది, ఆయనది కాదు. రేపు పొద్దుగాల చీర నేనే కోస్త. ఆయన నేసినకాడికి. నువ్వు కొత్త పడుగు ఎక్కియ్యి."