సరఫరా సంతృప్తికరం

"ఎత్తండమ్మా, ఎత్తండి. పదకొండింటికి కమిటీ వాళ్ళు వచ్చేస్తారు" అని అరిచాడు ఇంజనీరు జయకృష్ణ, ఓవర్‌హెడ్ ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని.

రేవులో పడవ, పడవలో పది డ్రమ్ములు. ఏలూరు నుంచి మునీర్ అనే డ్రైవరు ట్యాంకరులో తెచ్చిన నీళ్ళు అవతలి గట్టు మీద డ్రమ్ముల్లోకి దిగుతున్నాయి. డ్రమ్ములు పడవ ఎక్కి కొల్లేరు దాటి పుల్లేటిలంక రేవుకి వస్తున్నాయి. అక్కణ్ణుంచి ఆడవాళ్ళ బిందెల్లోకి, బిందెల్లోంచి ట్యాంకు కింద నేలలో కట్టిన సంపులోకి. సంపులోంచి మోటారు పైన ట్యాంకులోకి తోడుతుంది. ఉదయం ఆరింటికి మొదలైన పని తొమ్మిదైనా సగానికి రాలేదు. ఇరవై రెండు మంది ఆడవాళ్ళు, మనిషికి నాలుగు వందలు కూలి. మే నెల ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది.

"ఒక్క చెంబుడు తాగొచ్చా బాబూ?" అని అడిగింది కెజియా, బిందె దించి.

"ఇవి కొలత ప్రకారం తెప్పించినవమ్మా. ట్యాంకులోకి ఎక్కాలి కదా. కాసేపు ఓర్చుకోండి" అన్నాడు జయకృష్ణ నవ్వుతూనే. అతను చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. ఎవరినీ కసురుకోడు, ముసలివాళ్ళని మీరు అంటాడు. ఇలాంటి మెత్తని మనుషుల చేతుల మీదుగానే ఈ దేశంలో సగం అన్యాయాలు సాఫీగా నడిచిపోతున్నాయి.

కెజియా కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ రేవుకి నడిచింది. ఆమె వెనక రత్నమాణిక్యం నడిచింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ మంచినీటి పథకానికి ఆపరేటర్ ఆవిడే. కాగితం మీద జీతం నెలకి ఏడున్నర వేలు. కాంట్రాక్టరు చేతిలో పెట్టేది నాలుగు వేలు, అదీ నాలుగు నెలలకోసారి. వాల్వులు తిప్పే ఇనప తాళం ఎప్పుడూ ఆవిడ నడుముకి వేలాడుతూ ఉంటుంది. నాలుగేళ్ళలో దానితో ఆవిడ తిప్పిన వాల్వు ఒక్కటీ లేదు.

పుల్లేటిలంక చుట్టూ నీళ్ళే. తాగడానికి మాత్రం చుక్క లేదు. చేపల చెరువుల తవుడు, మందులు, కుళ్ళు అంతా వచ్చి కొల్లేట్లో కలుస్తుంది. ఉన్నవాళ్ళు పడవ మీద వచ్చే క్యాను పాతిక రూపాయలకి కొనుక్కుంటారు. లేనివాళ్ళు కాలవ నీళ్ళు పటిక వేసి తేర్చుకుని తాగుతారు. అందుకే రెండు కోట్ల ఎనభై ఆరు లక్షలతో పథకం వచ్చింది. ట్యాంకు కట్టారు, రంగు వేశారు, వీధుల్లో గొట్టాలు పాతారు, మూడొందల పన్నెండు ఇళ్ళ ముందు కుళాయిలు బిగించారు. పెద్ద కాలవ నుంచి నీళ్ళు తేవాల్సిన గొట్టం మాత్రం అవతలి గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఇసక పోయాల్సిన ఫిల్టరు తొట్లలో మేకలు పడుకుంటున్నాయి. బిల్లు మాత్రం పూర్తిగా మంజూరైంది.

ఫిబ్రవరిలో శాసనసభ సమావేశాలు జరుగుతుంటే ఒక సభ్యుడు దీని గురించి ప్రశ్న వేశాడు. జాబితాలో అది పద్నాలుగోది. అంగన్‌వాడీ టీచరు గాయత్రి తన ఫోనులో సభ ప్రసారం పెడితే, ఊరు ఊరంతా అంగన్‌వాడీ అరుగు మీద చేరింది. మన ఊరి పేరు సభలో వినపడుతుందని పనులు మానుకుని మరీ కూర్చున్నారు. ఎవరో ఎవరినో ఏదో అన్నారట, దాని మీద రెండు పక్షాలూ గంటసేపు తిట్టుకున్నాయి. ఏడో ప్రశ్న దగ్గరే సమయం అయిపోయింది. మిగిలిన ప్రశ్నలకి జవాబులు సభ ముందు ఉంచినట్టుగా భావించాలని చెప్పి తర్వాతి పనిలోకి వెళ్ళిపోయారు. ఎవరూ చదవలేదు, ఎవరూ వినలేదు. అయినా జవాబు ఇచ్చేసినట్టే.

ఆ జవాబు కాగితాన్ని వారం తర్వాత గాయత్రే సంపాదించి చదివి వినిపించింది. "పథకం పూర్తయినది. మూడు వందల పన్నెండు కుళాయిల ద్వారా నీరు సరఫరా చేయబడుచున్నది. లాగ్ పుస్తకం ప్రకారం మోటారు రోజుకు ఆరు గంటలు నడుచుచున్నది." విన్నవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోయారు. రత్నమాణిక్యం ఒక్కతే అరుగు మీద ఉండిపోయింది. లాగ్ పుస్తకంలో ఉన్న సంతకాలు ఆవిడవి.

నెలాఖరుకి జయకృష్ణ పుస్తకం తెచ్చేవాడు. "ముప్పై సంతకాలు పెట్టండమ్మా, లేకపోతే మీ జీతం బిల్లు పైకి పోదు" అనేవాడు. పెట్టేది. రేపో మాపో నీళ్ళు వస్తాయిలే అనుకునేది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి, పైన ఏం రాసి ఉందో చదవగలదు. చదవలేదు.

మొన్న కమిటీకి చూపించాలని ఆ పుస్తకాన్ని ఆవిడ ఇంట్లో ఉంచారు. అప్పుడు తెరిచింది. నిరుడు కాక అంతకుముందు సంవత్సరం, సెప్టెంబరు పద్దెనిమిది. ఆ రోజు ఆవిడ కూతురు భాగ్యశ్రీ పచ్చకామెర్లతో పోయింది. ఏడో నెల కడుపు. నీళ్ళ వల్ల వచ్చిందమ్మా, ఊళ్ళో ఏం నీళ్ళు తాగుతున్నారు అని డాక్టరు అడిగాడు. పుస్తకంలో ఆ తారీకు ఎదురుగా ఇలా ఉంది: మోటారు నడిచిన గంటలు ఆరు, సరఫరా సంతృప్తికరం. పక్కన తన సంతకం, వంకర లేకుండా. రత్నమాణిక్యం ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెడదామనుకుంది. కాలిస్తే బాగుపడేది కాంట్రాక్టరు వాళ్ళేనని తోచి మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టింది.

కాంట్రాక్టరు బిల్లు మీద ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాశారు కాబట్టి, ప్రభుత్వం పెట్టిన ఖర్చు సరిగ్గా జరిగిందో లేదో చూసే శాసనసభ కమిటీ ఇవాళ వస్తోంది. కమిటీ వాళ్ళు కుళాయిలో నీళ్ళు చూసి వెళితే ఆ అభ్యంతరం కొట్టేస్తారు. పుల్లేటిలంకకి మంచినీళ్ళు ఇచ్చేసినట్టు లెక్క తేలిపోతుంది. ఇక ఈ ఊరి నీళ్ళ కోసం ఏ ప్రభుత్వమూ రూపాయి విదల్చదు. అందరికీ తెలుసు ఇది.

తెలిసినా మాట్లాడటానికి లేదు. నిన్న సాయంత్రం ఊరి పెద్ద నిత్యానందం కట్టుబాటు వేయించాడు. కొల్లేటి లంకల్లో కట్టుబాటంటే కోర్టు కంటే గట్టిది. కమిటీ ముందు పెద్ద ఒక్కడే మాట్లాడాలి. వేరేవాళ్ళు నోరెత్తితే తప్పు, అంటే జరిమానా, ఇరవై వేలు. కట్టకపోతే వెలి. వెలి అంటే రేవులో పడవ ఎక్కనివ్వరు, ఊరుమ్మడి చెరువు పాటలో వాటా ఇవ్వరు, కొట్టులో ఉప్పు అమ్మరు. ఆ గొట్టం పనిని కాంట్రాక్టరు దగ్గర సబ్‌కాంట్రాక్టుకి తీసుకుని సగంలో వదిలేసిందీ ఈ నిత్యానందమే. ఊరి ఐకమత్యం కోసమని పూర్వం పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు, చివరికి ఒక దొంగకి కాపలా కుక్కైంది.

పదకొండున్నరకి కమిటీ దిగింది. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు, జిల్లా అధికారులు, వెనక సభ నుంచి వచ్చిన రిపోర్టరు. మాట్లాడిన ప్రతి మాటా నోటుపుస్తకంలో ఎక్కించడం అతని ఉద్యోగం. షామియానా కింద కొబ్బరిబోండాలు, చల్లటి సీసా నీళ్ళు పెట్టారు. ఒకాయన సెల్‌ఫోన్‌లో టైము చూసుకుని, "రెండున్నరకి తాడేపల్లిగూడెంలో రివ్యూ ఉంది సార్" అని గుర్తు చేశాడు.

జయకృష్ణ కనుసైగ చేశాడు. రత్నమాణిక్యం షామియానా పక్కనున్న నాలుగు కుళాయిల లైను వాల్వు తిప్పింది. వీధుల వాల్వులు మూసే ఉంచమని ముందే చెప్పారు. అధ్యక్షుడు కుళాయి తిప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. ఫొటోలు తీశారు.

"రోజూ వస్తున్నాయా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"ఆయ్, రెండు పూటలా వస్తన్నాయండి" అన్నాడు నిత్యానందం చేతులు కట్టుకుని. "మా ఊరి ఆడోళ్ళు బిందె ఎత్తి నాలుగేళ్ళైందండి."

పొద్దుటి నుంచి బిందెలు మోసిన ఇరవై రెండు మంది అక్కడే నిలబడి ఉన్నారు. తడిసిన భుజాలు ఇంకా ఆరలేదు.

అధ్యక్షుడు లాగ్ పుస్తకం తిరగేశాడు. "ఆపరేటర్ ఎవరు? నువ్వేనామ్మా? రోజూ సంతకం ఉంది. బాగుంది. ఈ కాగితం మీద కూడా ఒకటి పెట్టు, సరఫరా సక్రమంగా ఉందని."

జయకృష్ణ పెన్ను మూత తీసి అందించాడు. రత్నమాణిక్యం తీసుకోలేదు.

"పెట్టనండి" అంది.

"ఏంటమ్మా?"

"సంతకం పెట్టనండి బాబు గారూ. ఆ పుస్తకంలో సెప్టెంబరు పద్దెనిమిది తీయండి. మోటారు ఆరు గంటలు నడిచిందని ఉందాండి? ఆ రోజు నేను మోటారు దగ్గర లేనండి. నా కూతురు శవం దగ్గర ఉన్నాను. కామెర్లొచ్చి పోయిందండి, కాలవ నీళ్ళు తాగే. సంతకం నాదే. తప్పు నాదేనండి, దానికి మీరేం శిక్ష వేస్తారో వేయండి. మళ్ళీ మాత్రం పెట్టను."

నిత్యానందం ఒక అడుగు ముందుకేశాడు. "మనిషికి బుర్ర సరిగ్గా లేదండి. కూతురు పోయిన కాడ్నించి ఇంతేనండి."

"బుర్ర ఇప్పుడే సరిగ్గా ఉంది బాబాయి గారూ" అంది ఆవిడ. తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగింది. "ఈ నీళ్ళు పొద్దున్నే మేం మోసి పోసినవండి. నా మాట నమ్మొద్దు. ఒక పావుగంట ఆ కుర్చీలో కూర్చోండి. ఊళ్ళో మూడొందల పన్నెండు కుళాయిలున్నాయని సభలో చెప్పారు కదండీ, అన్నీ వదులుతాను. పెద్ద కాలవ నుంచి నీళ్ళొస్తంటే పడతానే ఉంటాయి."

"సార్, టైము లేదు" అన్నారెవరో.

"పావుగంట లేదాండి?" అంది ఆవిడ. "ఇంత దూరం వచ్చారు. నాలుగేళ్ళు మేం కూర్చున్నాం. పావుగంట కూర్చోలేరా?"

జవాబు కోసం చూడలేదు. నడుముకున్న తాళం తీసి ట్యాంకు కిందికి వెళ్ళి వీధుల వాల్వులు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది. తుప్పు పట్టినవి, మొండికేశాయి. రెండు చేతులతో వేలాడి తిప్పింది. జయకృష్ణ "అమ్మా, వద్దమ్మా, ఉద్యోగం పోతుంది, నాది కూడా పోతుంది" అని బతిమాలుతూ పక్కనే తిరిగాడు. చెయ్యి పట్టుకుని ఆపే ధైర్యం మాత్రం చేయలేదు.

"కుళాయిలు తిప్పండే!" అని అరిచింది రత్నమాణిక్యం ఆడవాళ్ళ వంక చూసి.

ఎవరూ కదల్లేదు. ఇరవై వేలంటే రొయ్యల షెడ్డులో యాభై రోజుల కూలి. వెలి అంటే పిల్లల్ని బడికి దాటించే పడవ ఉండదు. రత్నమాణిక్యం వాళ్ళని ఒక్కొక్కరినీ చూసింది. చివరికి కెజియా చంకలోని బిందె కింద పెట్టింది. తన ఇంటి ముందుకి నడిచి, నాలుగేళ్ళుగా దుమ్ము పట్టిన కుళాయిని పైటకొంగుతో పట్టుకుని తిప్పింది. బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత ఎర్రటి తుప్పు నీళ్ళు, తర్వాత మామూలు నీళ్ళు. అది చూసి పక్కింటావిడ వెళ్ళింది. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. వీధి పొడవునా కుళాయిలు తిరిగాయి. ఒకావిడ దోసిలి పట్టి తాగింది. ముసలి అచ్చమ్మ మొహం కడుక్కుని ఏడ్చింది. ఈ కాసిని నీళ్ళు పట్టుకోవడానికి కూడా వీళ్ళు భయపడాల్సి వచ్చిందంటే, ఎవరి మొహం మీద ఉమ్మేయాలి?

షామియానా దగ్గర అధ్యక్షుడు కుర్చీలో కూర్చోలేదు. అలాగని రేవు వైపూ వెళ్ళలేదు. ఆయన ముందున్న ధార సన్నబడి, తెగి, చుక్కలైంది. పది నిమిషాలు కూడా పట్టలేదు. గొట్టం గరగరమని ఆగిపోయింది. వీధిలో కుళాయిలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీగా ఊదాయి.

నిత్యానందానికి ఒళ్ళు తెలియలేదు. ఎదురుగా ఉన్నది శాసనసభ కమిటీ అన్న సంగతే మరిచిపోయి, రోజూ తన అరుగు మీద కూర్చుని అరిచినట్టే అరిచాడు. "రత్నమాణిక్యం! తప్పు ఇరవై వేలు! రేపటి నుంచి నీకు వెలి!"

రత్నమాణిక్యం రిపోర్టరు దగ్గరికి వచ్చింది. చేతులనిండా తుప్పు. "అదీ రాయండి బాబూ. నీళ్ళు లేవన్నందుకు వెలేశారని రాయండి."

"ఇది ఊరి అంతర్గత విషయం" అన్నాడు అధ్యక్షుడు. "రికార్డులోకి అక్కర్లేదు."

రిపోర్టరు పెన్ను ఆపాడు. అక్కర్లేదన్న ప్రతిదాన్నీ కొట్టేయడం అతనికి ముప్పై ఏళ్ళ అలవాటు.

"నేనూ కుళాయి తిప్పానండి" అంటూ కెజియా వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. "నా మీద కూడా వెలి వేయమనండి. నా పేరు రాసుకోండి, కెజియా."

"నాది కూడా" అంది వెనక నుంచి అచ్చమ్మ.

వీధిలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే షామియానా కిందికి వస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు, ఎవరూ అడగకుండానే, ఇంటిపేరుతో సహా తమ పేర్లు చెబుతున్నారు. రిపోర్టరు అధ్యక్షుడి వంక చూస్తున్నాడు. పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది.