ఎనిమిదో ఎక్కం

“నెట్టు స్పీడు వంద అని చెప్పి అంటగట్టారు. మా ఇంట్లో పన్నెండే వస్తోంది. మిగతా ఎనభై ఎనిమిదీ ఎవరు మింగినట్టు?” కౌంటరు అద్దాన్ని వేలితో పొడుస్తూ పెద్దాయన నిలదీశాడు.

“ఎవరూ మింగలేదండీ. మేము అమ్మేది బిట్లలో, మీ కంప్యూటరు చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కుళాయిని మేము చుక్కల్లో కొలుస్తాం, మీరు చెంచాల్లో పట్టుకుంటారు. నీళ్ళు అవే.”

“ఆ చెంచాల్లోనే చెప్పి ఏడవచ్చుగా?”

“చుక్కల్లో చెబితే అంకె పెద్దగా కనిపిస్తుందండీ.”

పెద్దాయన నవ్వాలో తిట్టాలో తెలియక వెళ్ళిపోయాడు. పక్క కుర్చీలో బిల్లులు చూసే ఆవిడ తల తిప్పింది. “మళ్ళీ నిజం చెప్పేశావా అన్నయ్యా? నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా!”

ఫోన్ల ఆఫీసులో అతన్ని అందరూ ఎనిమిదో ఎక్కం అనేవారు. వచ్చినవాళ్ళందరికీ పొద్దస్తమానం ఎనిమిదితో భాగించి చూపించడమే అతని ఉద్యోగం. ఒకప్పుడు పై అంతస్తులో లైన్లు సరిచేసేవాడు. యంత్రాలు చిన్నవైపోయాక మనుషుల్ని కిందికి దించి కౌంటర్లలో కూర్చోబెట్టారు. చెవికీ భుజానికీ మధ్య రిసీవరు ఇరికించుకుని పనిచేసిన ఏళ్ళు అతని ఒంట్లోనే ఉండిపోయాయి. ఎడమ భుజం కాస్త పైకి లేచి, తల దాని మీదికి వాలి ఉండేది. కొత్తవాళ్ళు అతను ఏదో శ్రద్ధగా వింటున్నాడనుకునేవారు.

ఇంట్లో నిజంగానే వినేవాడు. పిల్లలు లేరు. భార్య కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ చెప్పుకుపోయేది, అతను ఊఁ కొట్టేవాడు. కాపురమంతా అలాగే గడిచింది.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళాడు. భార్య తలలో గడ్డ. కోయవచ్చో కూడదో ఇక్కడి డాక్టర్లు తేల్చలేకపోయారు. వేరే నగరంలో ఉన్న పెద్ద డాక్టరు స్కాను బొమ్మలు చూసి ఒక్క మాట చెప్పాలి. ఆ బొమ్మల్ని ఇవాళ లైను మీద పంపిస్తున్నారు.

“ఎంతసేపు పడుతుంది బాబాయిగారూ?” అని అడిగింది స్కాను గదిలో పనిచేసే అమ్మాయి.

అతను అంకెలు చూశాడు. బొమ్మలు మూడువేల ఆరువందల మెగా. లైను వేగం సెకనుకు రెండు మెగా. “అరగంట,” అన్నాడు.

వార్డులో భార్య పక్కకు ఒత్తిగిలి ఉంది. జుట్టు తీసేసిన తలకు చెల్లెలు నూలు గుడ్డ కట్టింది. ఎడమ కనురెప్ప సగానికి దిగి, పైకి లేవడం మానేసింది. దుప్పటి అంచు మీద బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కదులుతూ ఉన్నాయి, కనిపించని కుట్టు వరస తడుముతున్నట్టు.

“అరగంటలో పంపించేసి వస్తా.”

“మీ అరగంటా, మామూలు అరగంటా?”

మరదలు నవ్వింది. బావగారు ఐదు నిమిషాల్లో వస్తానని వెళ్ళి అన్నం చల్లారాక వచ్చే మనిషి. ఆయన చెప్పిన సేపుని ఆయన ఎక్కంతోనే హెచ్చించుకోవాలని అక్క ఇరుగుపొరుగులకు చెబుతుండేది.

“చెప్పండి, హెచ్చించాలా?” అని భార్య మళ్ళీ అడిగింది.

“అక్కర్లేదు. ఈసారి లెక్క సరిగ్గానే కట్టాను.”

“అయితే మేలుకునే ఉంటాను. అందాయన్న మాట మీ నోటితోనే వింటాను,” అంది భార్య.

కింద గదిలో తెర మీద పచ్చటి చార మెల్లగా నిండుతోంది. పాత లైను. మధ్యలో అరనిమిషం మించి తెగితే మళ్ళీ మొదటినుంచి పంపాలి. “మీ ఆఫీసు లైనేగా, మీరు దగ్గరుంటే నాకు ధైర్యం,” అని ఆ అమ్మాయి స్టూలు లాగింది.

అరగంట గడిచింది. చార ఎనిమిదో వంతు నిండింది.

అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. బొమ్మల లెక్క బైట్లలో, లైను లెక్క బిట్లలో. పొద్దున కూడా అద్దం అవతలి మనిషికి విడమరిచిన సంగతే. ఊరందరి దగ్గరా గుర్తుండే ఎనిమిది, తన ఇంటి లెక్క దగ్గర జారిపోయింది.

“నాలుగు గంటలమ్మా,” అన్నాడు. “నేనే తప్పు చెప్పాను.”

“పోనీలెండి, ఇక్కడ నేనుంటాను. మీరు పైకెళ్ళి కూర్చోండి.”

అతను మెట్లు సగం ఎక్కాడో లేదో కింద నుంచి కేక. “బాబాయిగారూ! ఎర్రదీపం!”

పరుగున వచ్చి, యంత్రంలోకి దూర్చిన తీగ చివరి బిళ్ళను లోపలికి నొక్కాడు. దీపం పచ్చబడింది. వేలు తీస్తే మళ్ళీ ఎర్రబడుతోంది. బిళ్ళ అరిగిపోయి వదులైంది. కొత్తది బిగించడం అతనికి చిటికెలో పని. కానీ పాతది తీసి బిగించేలోపు పని మొదటికొస్తుంది. బొటనవేలితో అలాగే నొక్కిపట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

గుమ్మం ముందు రోగుల వరస పెరిగింది. అమ్మాయి వాళ్ళ పనిలో పడింది. పైకి కబురు పంపనా అని ఒకసారి అడిగింది. హెచ్చించుకోమని చెప్పించడానికి అతనికి నోరు రాలేదు. ఆ మాట తనే చెప్పి, తిట్లు తనే తినాలనుకున్నాడు. “వద్దులేమ్మా. నేనే వెళ్తాగా,” అన్నాడు.

వేలు తిమ్మిరెక్కి, తర్వాత అసలు ఉన్నట్టే తెలియలేదు. గోడ మీది ఎండ ఎర్రబడి బీరువా వెనక్కి జారింది. చార నిండింది. కాసేపటికి అటునుంచి జవాబు వచ్చింది. అందాయి.

వేలి మీద బిళ్ళ అచ్చు పడింది. దాన్ని రుద్దుకుంటూ మెట్లెక్కాడు. పై మెట్టు మీద మరదలు కూర్చుని ఉంది. లేవలేదు.

“అరగంటన్నారు కదా బావగారూ.” ఆమె గొంతులో కోపం లేదు. “నిద్రపోవే అంటే వినలేదు. ఆయన వచ్చి చెబితే గానీ కళ్ళు మూసుకోనంది. ఇప్పుడే, నేను నర్సును పిలిచేలోపే…”

“అందాయి,” అన్నాడు అతను.

మంచం చుట్టూ తెర లాగి ఉంది. అతను లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. తల ఎప్పటిలాగే భుజం మీదికి వాలి ఉంది. తెర అవతల నుంచి మరదలు చెబుతోంది: “అరగంట కావస్తుంటే, మీరొచ్చేస్తారని ఫ్లాస్కులోది పోయించి, చల్లారకుండా తనే సాసరు మూత పెట్టింది.”

కిటికీ గట్టు మీద, సరిగ్గా మధ్యకు బోర్లించిన సాసరు కింద, గాజుగ్లాసు నిండా టీ. దాని మీద మీగడ ముడతలు పడి, ఒక పక్కకు ఒరిగి ఉంది.