రోడ్డువైపు గోడ

సీలీ మల్కెరిన్ రోడ్డువైపు గోడకి సున్నం వేసింది. ఆమె చేసిన నేరం అదే.

ఆ ఊళ్లో ఇంటి లోపల ఎంత తెల్లగా ఉన్నా పర్వాలేదు. రోడ్డువైపు మాత్రం మసిగోడ, గుమ్మం పక్కన పెంటకుప్ప ఉండాల్సిందే. గోడ మెరిస్తే జమీందారు ఏజెంటు కంట్లో పడుతుంది, శిస్తు పెరుగుతుంది. సీలీకీ ఆ సంగతి తెలుసు. కానీ చర్చి ఫాదరు ఏటా ఒక్కొక్కరి ఇంట్లో పూజ చేస్తాడు. మొగుడు పోయాక మొదటిసారి వంతు తనకొచ్చింది. విధవ కొంప ఇంతేలే అని ఎవరూ అనకూడదని పౌరుషానికి పోయింది.

ఏజెంటు హార్ట్‌లీ గుర్రం ఆపాడు. "బాగానే కూడబెట్టావే! ఇకనుంచి శిస్తు రెట్టింపు. కట్టలేకపోతే ఖాళీ చెయ్యి."

గుర్రం మలుపు తిరగ్గానే పక్కింటి హానోరా వచ్చి సీలీ మీద విరుచుకుపడింది. "నీ సోకు తగలెయ్య! రేపు మా గోడలూ గీకి చూస్తాడు గదే!"

ఊరంతా కలిసి ఆ గోడకి పేడ పులిమారు. సీలీ కూడా పులిమింది, ఏడుస్తూ. హార్ట్‌లీ వచ్చి చూసి పడీ పడీ నవ్వాడు. శిస్తు మాత్రం తగ్గించలేదు.

సీలీ ఇంట్లో పూజ అయ్యాక ఫాదరు ఓపిక పట్టమన్నాడు. ముసలి టైగ్ లేచాడు.

"కరువులో మా అమ్మ ఓపిక పట్టింది, ఫాదర్. గడ్డి తిని చచ్చింది. ఆ ఏడు కూడా జమీందారు బార్లీ అమ్మకానికి ఓడలెక్కింది. ఎక్కించింది మేమే."

"ఇప్పుడేం చేద్దామంటావ్ మామా?" అంది హానోరా.

"దొర బార్లీ పండింది. కొయ్యొద్దు."

"అందర్నీ వెళ్లగొడతాడు!"

"ఊరంతా కూల్చి, దున్నడానికి వాడి తాతని పిలుచుకుంటాడా?"

చాలాసేపు గొడవపడ్డారు. చివరికి కొయ్యకూడదనే తేల్చుకున్నారు.

రెట్టింపు శిస్తు కట్టలేదని వానలో పోలీసులొచ్చారు. దూలంతో పొడిచి సీలీ ఇల్లు కూల్చారు. ఆమెకి నీడనిచ్చిన ఇంటికీ ఇదే గతి అని హార్ట్‌లీ అరిచాడు. అలాంటి మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిట్టిన హానోరానే వచ్చి సీలీ చెయ్యి పట్టుకుంది. "పద అక్కా, పిల్లలు తడిసిపోతున్నారు."

కోతల గంట మోగింది. ఒక్కరూ చేలోకి దిగలేదు. బార్లీ నేలరాలుతుంటే హార్ట్‌లీ పోలీసుల్ని వెంటేసుకుని హానోరా గుమ్మంలోకొచ్చాడు.

"దాన్ని బయటికి గెంటు. కొడవలి తియ్యి. నీ ఇల్లు నీకుంటుంది."

హానోరా లోపలికి చూసింది. పొయ్యి దగ్గర సీలీ పిల్లలు, తన పిల్లలు ఒకే గిన్నెలో ఉడికిన దుంపలు తింటున్నారు.

"అక్క ఇక్కడే ఉంటుంది దొరా. నీ దూలం తెచ్చుకో."

పోలీసులు దూలం ఎత్తారు. అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. టైగ్ తన మంచం తనే ఈడ్చుకొచ్చి రోడ్డు మీద వేసి కూర్చున్నాడు. "నాదీ కూల్చుకో," అన్నాడు. ఆ పక్కింటివాళ్లు కుండలు తెచ్చి పెట్టారు. ఆపై ఇంటివాళ్లు ఉయ్యాల తెచ్చారు. ఎవరూ పిలవకుండానే, ఒక్కో ఇల్లూ ఖాళీ చేసి, ఊరు ఊరంతా వానలో రోడ్డు మీదికొచ్చి నిలబడింది.