వదిన తుపాకీ

"చేతులు సబ్బుతో బాగా రుద్ది కడుక్కో. నిన్న కాఫీలో నూనె వాసన," అన్నాడు భర్త, తెరను పక్కకు జరిపి. చంకలో పొడవాటి తోలుసంచీ ఉంది. "అక్క వచ్చింది. బావ తుపాకీ తెచ్చింది. కాఫీ ఇచ్చాక ఓసారి చూడు."

కాఫీ ముందు, చూడడం తరువాత. ఆ వరుస ఏనాడూ తప్పలేదు.

పాత తుపాకులు కొని అమ్మే ఆ షాపుకు రెండు గదులు. ముందుగదిలో అద్దాల బీరువాలు, పటం కట్టించిన లైసెన్సు, భర్త కుర్చీ. తెర వెనక ఉత్తరపు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్ల ముందు ఆమె. మామగారికి చూపు మందగించిన రోజుల్లో ఆయనకు మరో రెండు కళ్ళు కావలసివచ్చాయి. కొడుకు కుదురుగా కూర్చునే రకం కాదు గనుక కోడలి కళ్ళు తీసుకున్నారు. దాన్ని విద్యాదానమని ఆమె ఎన్నడూ పొరబడలేదు. అత్తగారు దానికీ ఒక హద్దు గీశారు: "కోడలు తుపాకీ తుడిస్తే పనిమంతురాలంటారు. ధర చెప్పిందనుకో, ఆ ఇంట్లో మగాళ్ళు లేరా అంటారు." నాటినుంచి పద్ధతి స్థిరపడింది. భర్త తుపాకీని లోపలికి తెచ్చి, "ఉండండి, వెలుతురులో చూసి వస్తాను" అంటాడు. ఆమె చూస్తుంది. అతను బయటికి వెళ్ళి గొంతు సవరించుకుని, "నా అనుభవంలో..." అని మొదలుపెడతాడు. ఆయన కన్నంటే కన్నే అంటుంది ఊరు. ఆ కన్నే రాత్రిపూట అంట్లు కూడా తోముతుందని ఊరికి తెలియదు.

కాఫీ అందుకుంటూ వదిన ఆమె వంక సరిగా చూడనైనా లేదు. భర్త పోయాక మనిషి సగమైంది, నోరు మాత్రం తగ్గలేదు. ఒకప్పుడు పదిమంది బంధువుల మధ్య, "మరదలికి షాపులో ఏం పనే? కాఫీకి మనిషి దొరకలేదు కాబోలు మా తమ్ముడికి!" అని నవ్వించిన మనిషి. ఆ నవ్వు ఎవరెవరిదో ఆమె ఇప్పటికీ వరుసగా చెప్పగలదు.

లోపలికి వచ్చి సంచీ విప్పింది. రెండు గొట్టాల పాత వేట తుపాకీ. మడత విప్పి మూడు ముక్కలు చేసింది. గొట్టాల మీద, ఇనుప చట్రం మీద, ముందు చెక్క మీద ఒకే అంకె చెక్కివుంది, అంటే పుట్టినప్పటి జంట విడిపోలేదు. గొట్టాలను కిటికీకి ఎదురుగా ఎత్తి చూసింది. లోపల తుప్పు లేదు. ఎడమ గొట్టం మూతి దగ్గర పెసరగింజంత సొట్ట. భుజానికి ఆనించుకునే చెక్క మడమకు సన్నని పగులు, ఎవరో ఓపికగా అతికించారు. ఇవి తగ్గించి లెక్కించవలసినవి. ఇక పెంచవలసింది ఒక్కటే: పైరంగు. ముదురునీలం అక్కడక్కడా వెలిసి గోధుమరంగుకు తిరిగింది, కానీ అది మొదటి రంగే. ఎవరూ పాలిష్ పట్టించలేదు, మళ్ళీ రంగు వేయించలేదు. ఈ వ్యాపారంలో శత్రువుల కంటే వారసులే ఎక్కువ తుపాకులను పాడుచేస్తారు. ప్రేమ ముంచుకొచ్చి తళతళ మెరిపిస్తారు. ఆ మెరుపుతో చెక్కడపు గీతలూ పోతాయి, సగం ధరా పోతుంది.

"ఎంత?" అన్నాడు వెనకే లోపలికి వచ్చిన భర్త, గొంతు తగ్గించి.

"గొట్టాలు తట్టినప్పుడు మోగితే మూడు లక్షల నలభై వేలు. మోగకపోతే అందులో సగం. ఇంకా మోగించి చూడలేదు."

"మోగుతాయిలే. మేజరుగారు ఇలాంటి దానికోసమే కదా నెలరోజులుగా ప్రాణం తీస్తున్నాడు! అక్కకి లక్షా పది చెబుతా. మనవాళ్ళే, బేరమాడదు."

బయటివాళ్ళను ముంచినా ఎంతో కొంత మిగల్చడం అతని అలవాటు. మనవాళ్ళు కావడమంటే ఆ మిగిలినది కూడా పోవడమని ఆమెకు ఈ ఇంటికి వచ్చిన ఏడాదిలోనే అర్థమైంది. ఎవరూ ఆమెకు జీతం ఇవ్వకపోవడానికి కారణం కూడా అదే: మనిషి మనదే కదా. అయినా ఆమె కదలలేదు. కోపం వదినమీద ఉండవలసినంతా ఉంది. పోనీ, ఒకసారి ఆవిడకీ తెలియనీ, అనుకుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసి కొంచెం సిగ్గుపడింది, కానీ చెవి మాత్రం తెర దగ్గరే ఉంది.

"నా అనుభవంలో..." అంటున్నాడు అతను. "మంచిదే అక్కా, కానీ చూసుకోలేదు. రంగంతా వెలిసిపోయింది. పాలిష్ పట్టించి తెచ్చి ఉంటే వేరే సంగతి. లక్షా పది, అదీ నువ్వు కాబట్టి."

"అంతేనట్రా?" వదిన గొంతు పలచబడింది. "విడిగా ఉందామని ఒక ఇల్లు చూశాను, ఆ ఇంటాయన ఏడాది అద్దె ముందే కట్టమంటున్నాడు. రెండే గదులు, అయినా లోపలి గడియ నాదవుతుంది. ఇప్పుడున్న మరిది ఇంట్లో నేను స్నానానికి వెళ్ళినా తోడికోడలు గడియారం చూస్తోందిరా! లక్షా పదికి ఆ గదులు రావు."

"రాకపోతే మానె. మీ మరిది ఇంట్లో నీకేం తక్కువ? తిండి పెట్టట్లేదా?"

వదిన అంది: "తప్పు నాదేలే. ఆయన పోయాక దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. శుభ్రం చేయించాల్సింది."

తెర వెనకున్న ఆమెకు ఆ మాట కొత్త కాదు. తప్పు నాదేలే. పప్పు మాడితే, పిల్లవాడికి జ్వరమొస్తే, భర్త అమ్మిన తుపాకీ వెనక్కొస్తే, ఇన్నేళ్ళూ తాను అన్న మాటే అది. అందులోని అబద్ధాన్ని తూచడానికి ఇన్నాళ్ళకు చేతికి తూనికరాయి దొరికింది: ఆ తుపాకీ ధర నిలబడిందే వదిన దాన్ని ముట్టుకోకపోవడం వల్ల. చేసిన మేలునే నేరంగా ఒప్పించి, ఆ నేరానికి మళ్ళీ జరిమానా కూడా వసూలు చేస్తున్నారు. వదిన మంచిదా కాదా అన్నది వేరే లెక్క, దానికి ఈ బల్లమీద చోటు లేదు.

మిగతా ముక్కలు సంచీలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని, ఆమె గొట్టాలు పట్టుకుని తెర దాటింది.

"పాలిష్ పట్టించనందుకే దీనికి విలువ వదినా," అంది. "మీరు శుభ్రం చేయించి ఉంటే సగం పోయేది."

"నువ్వు లోపలికి పద," అన్నాడు భర్త నవ్వు చెదరనీయకుండా.

"ఒక్క పరీక్ష మిగిలింది. అది మీ ముందే చేస్తాను. పోతే పోయిందనే చెబుతాను." గొట్టాల కిందనుండే కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీసింది. "చెంచాతో కొట్టండి వదినా. రెండూ గట్టిగా అతికి ఉంటే గంటలా మోగుతాయి. అతుకు వదిలి ఉంటే పగిలిన కుండలా పలుకుతాయి."

వదిన తమ్ముడివైపు చూసింది, మరదలివైపు చూసింది. కాఫీ కప్పులోని చెంచా తీసి తట్టింది.

మోగింది. సన్నగా, పొడుగ్గా, అద్దాల బీరువాలు కూడా విన్నాయా అన్నట్టు.

"సొట్టకూ పగులుకూ తగ్గించి, మూడు లక్షల నలభై వేలు," అంది ఆమె. "ఎక్కువ చెప్పినా అబద్ధమే, తక్కువ చెప్పినా అబద్ధమే."

"ఆ ధరకు ఎవడు కొంటాడు?" అన్నాడు భర్త.

"మేజరుగారు. మీరు అమ్మబోయేదీ ఆయనకే కదండీ."

వదిన చెంచా కింద పెట్టింది. "ఒరేయ్," అంది నెమ్మదిగా, "చిన్నప్పుడు నా పలక అమ్ముకుని గోళీలు కొనుక్కున్నావు. అప్పుడే తన్నాల్సింది." తరువాత ఆమెవైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్ళూ వీడి నోటంట వచ్చిన ధరలన్నీ..."

"నావే."

వదిన క్షమాపణ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు. సంచీ దగ్గరకు లాక్కుని, "సరే, చూసినందుకు నీకేమివ్వను?" అంది.

వద్దనిపించుకోవడానికే అడిగే ప్రశ్న అది. దాని జవాబు ప్రతి ఇంట్లోనూ తయారుగా ఉంటుంది: అయ్యో, మన మధ్య ఏమిటి వదినా! భర్త ఆ జవాబుకు ముందుగానే తలాడించడం మొదలుపెట్టాడు.

"నూటికి రెండు," అంది ఆమె. "ఆరువేల ఎనిమిదివందలు. ధర కట్టిపెట్టినందుకు మీ తమ్ముడు బయటివాళ్ళ దగ్గర తీసుకునేది కూడా అంతే."

"ఇంట్లోవాళ్ళ దగ్గరా?" వదిన గొంతులోకి పాత పదును వచ్చింది.

"ఇంట్లోవాళ్ళతోనే మొదలుపెడుతున్నాను వదినా."

ధర చెప్పాక ఎదుటివాళ్ళు నోరు విప్పేదాకా ఆగాలి. ఆగలేక మనమే మాట్లాడితే మొదట తగ్గేది మనమే. ఆమె గొట్టాలను జాగ్రత్తగా భర్త ముందున్న బల్లమీద పెట్టి, భర్త పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది.