నాలుగు కాళ్ల ఒంటె

పోచన్నను క్యాంపు దుకాణం ముందు ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టినప్పుడు నేను వరుసలో ఆరోవాణ్ణి. అతని దగ్గర దొరికిన దొంగ బిళ్ల చేసింది నేనే.

తమ్ముళ్లారా, నా కథల్లో ముప్పాతిక కోతలే. ఇది మిగిలిన పాతిక.

కరోనాకు గల్ఫులోని అల్ వర్సాన్‌లో మా కూలీల క్యాంపు గేటు మూసిన ఏడాది. జీతం అడిగితే ముదీర్, అంటే మా మేనేజరు, ఇత్తడి బిళ్లలిచ్చాడు. ఆయన దుకాణంలో తప్ప ఎక్కడా చెల్లవు. అక్కడ అన్నిటికీ రెట్టింపు ధర. బిళ్ల మీద ఒంటె బొమ్మ, అచ్చు సరిగా పడక దానికి మూడే కాళ్లు. నేను వర్క్‌షాపులో ఉక్కు అచ్చు చెక్కి దొంగ బిళ్లలు కొట్టాను. కుంటి ఒంటెను చెక్కడానికి చెయ్యి రాలేదు. నాలుగో కాలు పెట్టాను.

షుగరుతో కళ్లు తిరుగుతున్న పోచన్నకు పది ఇచ్చి, పందెంలో గెలిచానన్నాను. దుకాణంలో ఆ నాలుగో కాలే అతన్ని పట్టించింది.

"కిస్నే దియా?" ముదీర్ అరిచాడు. "ఇచ్చినవాడి పేరు చెప్పకపోతే జీతం ఖలాస్. మొదటి విమానానికే పంపిస్తా."

పోచన్న నేల చూశాడు. నేనూ నేల చూశాను. నా వంతు రాగానే బియ్యం కొనుక్కున్నాను. వండుకొని తిన్నాను కూడా.

అతన్ని స్టోర్‌రూములో పెట్టి తాళం వేశారు. రెండో రోజు గదిలో వాళ్లకు నిజం చెప్పాను. నవ్వారు.

"మీ బర్రె బొంబాయిదాంక ఈత గొట్టిందంటివి కాకా, గిదీ గసొంటిదేనా?" అన్నాడు ప్రమోద్.

పరుపు కింది అచ్చు తీసి ముందు పెట్టాను. నవ్వు ఆగింది.

"పోచన్నను బలిచ్చి బువ్వెట్ల తిన్నవే?" అన్నాడు రత్నాకర్. మళ్లీ తనే అన్నాడు: "నువ్వు కొట్టింది పది బిళ్లలు. ముదీర్ కొట్టినయి వేలు. పైసలియ్యకుంట పని జేయించుకున్నోని బిళ్ల అసలుదెట్లయితది? రేపు ఒక్కడు గూడ దుకాణం మెట్టెక్కద్దు."

"మరి తినుడెట్ల?" అన్నాడు నబీ రసూల్.

"మాడుదాం. పోచన్న మాడుతలేడా?"

తెల్లవారి మూడు వందల మందిమి ఆఫీసు మెట్ల మీద బిళ్లలు కుమ్మరించాం. "దిర్హమ్‌లియ్యి. పోచన్నను ఇడువు."

నేను ముందుకెళ్లి, మెట్టు మీదే ఇత్తడి ముక్క పెట్టి అచ్చు కొట్టాను. ముదీర్ ఒంటె కాళ్లు లెక్కపెట్టుకున్నాడు. పోచన్నను బయటికి తెచ్చి, నన్ను విమానాశ్రయానికి పోయే బండెక్కించారు.

పోచన్న బండి దాకా వచ్చాడు. "పందెంల గెలిచిన అంటివి గద కాకా?"



బండి కదిలాక వెనక్కి చూశాను. దుకాణం తెరిచే ఉంది, వరుసలో ఒక్కడూ లేడు. మెట్ల మీది బిళ్లలకు ఎవరూ వంగలేదు. ఆఫీసు ఎదుట కదలని గుంపులో అందరికంటే ముందు, గోడ పట్టుకొని, పోచన్న నిలబడి ఉన్నాడు.