అక్క మెడ, పైనున్న గాలి

రెండు ముక్కల్లో తేలిపోయే కథ ఇది. వాతావరణ కేంద్రంలో రోజూ పొద్దున్నే ఆకాశంలోకి బెలూన్ వదిలి, పైన ఎంత వేడుందో రాసే ఉద్యోగి ఒకడున్నాడు. అందరూ బెలూనయ్య అంటారు. నిద్రపోతున్నంతసేపు చాలా మంచివాడు. ఇస్త్రీ చొక్కా తొడిగి నడిచాడంటే కేంద్రం తనే కట్టించినట్టుంటుంది. ఇస్త్రీ చేసేది మాత్రం అక్క.

భర్త పోయాక అక్క తమ్ముడింట్లోనే ఉంటోంది. తిండి పెడుతున్న సంగతి తమ్ముడు రోజూ గుర్తుచేస్తాడు. అతను మరిచిపోతే మరదలు గుర్తుచేస్తుంది.

అక్క మెడ గురించి వీధంతటికీ తెలుసు. బండ్లకీ ఓడలకీ దారి చూపే ఉపగ్రహాలు సూర్యుడిలా నేల అంచుకు దిగేటప్పుడు, వాటి రేడియో తరంగాలు గాలిని ఏటవాలుగా దాటుతూ కాస్త వంగుతాయి. గాలి చల్లగా ఉంటే ఎక్కువ, వేడిగా ఉంటే తక్కువ. ఎంత వంగితే అక్క మెడా అంతే వంగుతుంది. కేంద్రం పెద్దసారు రోజూ వచ్చి, బడిపిల్లల కోణమానినితో ఆ వంపు కొలిచి, టీ తాగి వెళ్తాడు.

చిక్కంతా బెలూనయ్య బద్ధకంతోనే. లేవబుద్ధి కాని రోజు బెలూన్ వదలడు, నిన్నటి అంకెలే మళ్లీ రాస్తాడు. అక్క మెడ చూసి రాయొచ్చు కదా అంటే, "నా ఇంట్లో తినే మనిషిని నేను అడుక్కోవాలా?" అంటాడు. ఆ అంకెలు మెడతో కలవడం లేదని పై ఆఫీసు నుంచి ఒకామె తనిఖీకి బయల్దేరింది. తప్పు తేలితే ఉద్యోగం ఊడుతుంది.

"అక్కా, రేపు ఒక్క గంట మెడ వంచకు. నీ మెడ పాడైందనుకుని నా కాగితమే నమ్ముతారు."

"అది నా చేతిలో ఉందట్రా?"

"ఇన్నేళ్లు పెట్టాను. ఒక్క గంట అడిగాను."

"పెట్టావు నాయనా. ముద్దముద్దకీ వినిపించావు కూడా."

"ఆయన ఉద్యోగం పోతే ముగ్గురం రోడ్డున పడతాం వదినా," అంది మరదలు.

మర్నాడు అక్క గోడకు వీపు ఆనించి, పళ్లు బిగబట్టి కూర్చుంది. చెమటలు కారాయి గానీ మెడ వెంట్రుకవాసి కదల్లేదు. తనిఖీ ఆమె కోణమానిని పెట్టి చూసింది. సున్నా.

"చూశారా మేడమ్! మెడ పాడైపోయింది," అన్నాడు బెలూనయ్య.

"పాడైతే వంకర పోవాలి గానీ ఇంత నిటారుగా ఉంటుందా? వంపు లేదంటే పైన గాలి లేదన్నమాట."

"గాలి లేకపోవడమేంటండీ, ఊపిరి పీలుస్తున్నాంగా!"

"అది రాయడానికి ఈ కాగితంలో గడి లేదు."

పదిరోజుల తర్వాత, గాలి లేదని నోటీసు అంటించారు. జనం చదివి, నిట్టూర్చి, ఇళ్లకు వెళ్లిపోయారు. గాలి లేనిచోట బెలూన్ ఎగరదు కనక బెలూనయ్య ఉద్యోగం రద్దు చేశారు. గాలి తిరిగొస్తే చెప్పడానికి అక్కను ఉద్యోగంలోకి తీసుకున్నారు, ఉండటానికి గది కూడా ఇచ్చారు.

"అక్కా, రేపొక్కసారి వంచవే. గాలొచ్చిందంటే నా ఉద్యోగం నాకొస్తుంది," అన్నాడు తమ్ముడు గుమ్మంలో నిలబడి.

"చూద్దాంలేరా," అంది అక్క, పెట్టె సర్దుకుంటూ.

నాలుగేళ్లయింది. అక్కడ ఇంకా గాలి లేదు.